రెండు కన్నులు, రెండు నీలాలు

గత రెండు మాసాలుగా మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకే ప్రశ్న పలు రూపాలలో కనిపించింది. ఉద్యోగ విరమణ తర్వాత నీటిరంగుల చిత్రలేఖనం మొదలుపెట్టవచ్చునా, అందుకు ఎంత చోటు కావాలి, రోజంతా ఆ గదిలో ఏమి చేస్తారు అని కొందరు అడిగారు. నీటిరంగులు వేసుకుంటున్న మీరు ఈ మధ్య కత్తెర పట్టుకొని కాగితాలు అతికించడం ఏమిటని మరికొందరు కొంచెం చనువుగానే మందలించారు. అందరికీ విడివిడిగా జవాబు వ్రాయడం మా వల్ల కాలేదు. అందుచేత ఈ మాసపు శీర్షికను మా పని గదికే కేటాయిస్తున్నాము.

మేము ఉండేది జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్. విశాఖలోను, హైదరాబాదులోను ఉండి ఈ పత్రిక చదివేవారికి ఆ పేరు కొత్త కావచ్చును. 1907లో టాటా వారి ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడిన తర్వాత సాక్చీ అనే పల్లె చుట్టూ పెరిగిన ఈ పట్టణానికి 1919లో జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పనికోసం వచ్చి తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బిష్టుపూర్‌లో తెలుగువారు కట్టుకున్న రామమందిరం పండుగ రోజులలో చూస్తే మన ఊరి గుడి ముందు నిలబడినట్లే ఉంటుంది. భుయ్యాడీహ్ ఆ పట్టణానికి ఒక అంచు. ఇరుకు వీధులు, ఒకదానికొకటి ఆనుకొని ఉండే ఇళ్ళు, వీధి చివర సువర్ణరేఖా నది. నది ఒడ్డున శ్మశాన ఘట్టం. నదికి ఆవల మాంగో, దానికి వెనుక ఆకాశాన్ని అడ్డగించి దల్మా కొండల వరుస.

ప్రకృతి చిత్రాలు వేసేవారు అడవిలోనో, ఏటి గట్టు మీది కుటీరంలోనో ఉంటారని చాలామంది అనుకుంటారు. మాకు ఆ భాగ్యం లేదు, ఆ కోరికా లేదు. మా గది డాబా మీద వేసిన రేకుల గది. ఒక పెద్ద బల్ల, ఒక చెక్క బీరువా, రెండు నీళ్ళ డబ్బాలు, పాతగుడ్డలు, ఉత్తరపు గోడకు ఒక కిటికీ. ఆ కిటికీ కోసమే ఆ గదిని ఎంచుకున్నాము. ఉత్తరం నుంచి వచ్చే వెలుగులో ఎండ నేరుగా పడదు. పొద్దుట ఏ రంగు చూశామో మధ్యాహ్నానికి కూడా ఇంచుమించు అదే రంగు కనిపిస్తుంది. దల్మా కూడా ఆ దిక్కుననే ఉండడం మా అదృష్టం.

రంగుల సంగతి. మా పెట్టెలో ఎనిమిది రంగులకు మించి ఉండవు. అందులో మూడు ఇనుము రంగులే. పసుపుపచ్చని గైరికం, దానిని కాల్చగా వచ్చే ఎరుపు, కాల్చిన సియన్నా అనే ఇటుక రంగు, ఇవన్నీ ఇనుప ఆక్సైడులు. నీటితో కలిసి ఉన్న ఆక్సైడు పసుపుగా ఉంటుంది. వేడికి నీరు పోతే ఎర్రబడుతుంది. నోవాముండీ గనుల నుంచి కొలిమికి వచ్చే ఖనిజానికి, మా కుంచె కొనకు అంటే ఈ ఎరుపుకు మూలం ఒక్కటే. కర్మాగారంలో జీవితం గడిపినవారికి ఈ మాట చెబితే వారి ముఖాలు వికసించడం మేము గమనించాము. అల్ట్రామెరైన్ నీలంలో ఈ ఇటుక రంగును కలిపితే వర్షపు మబ్బుకు సరిపడే బూడిద రంగు వస్తుంది. నీలం పాలు కొంచెం పెంచితే మబ్బు చల్లబడుతుంది, ఇనుము పాలు పెంచితే వేడెక్కుతుంది. దల్మా మీది ఆకాశానికి మాకు ఈ రెండు రంగులు చాలు.

నీటిరంగులో తెల్లరంగు ఉండదు. కాగితమే తెలుపు. నదిలో మెరిసే నీటిని, ఎండ పడిన గోడను ముందే నిర్ణయించుకొని ఆ చోటును ముట్టుకోకుండా వదలాలి. ఒకసారి తడి పడిన తర్వాత ఆ తెలుపు తిరిగి రాదు. అందుచేత మా రోజులో సగం కుంచె పట్టకుండానే గడుస్తుంది. తెల్లవారి ఆరు గంటలకు ముందే నది ఒడ్డుకు వెళ్ళి పెన్సిలుతో గీతలు గీసుకుంటాము. ఇంటికి వచ్చి కాగితాన్ని తడిపి, చెక్క పలక మీద పరచి, అంచులకు జిగురు పట్టీ అంటించి ఆరనిస్తాము. ఆరినప్పుడు అది తప్పెట చర్మంలా బిగుసుకుంటుంది. అలా బిగించని కాగితం మీద నీటిపూత వేస్తే అలలుగా ఉబ్బి, రంగు గుంటలలో చేరుతుంది. ఈ లోపల టీ, వార్తాపత్రిక, కూరగాయల బజారు. చిత్రకారుడి జీవితమంటే ఎప్పుడూ ఆవేశంతో ఊగిపోవడమని సినిమాలలో చూపుతారు. మా అనుభవంలో అది ఎక్కువగా కాగితం ఆరేవరకు ఆగడం.

ఋతువును బట్టి ఆగవలసిన సమయం మారుతుంది. వైశాఖ జ్యేష్ఠ మాసాలలో వడగాలి వీచేటప్పుడు కాగితం మీద వేసిన ఆకాశం సగానికి రాకముందే పైభాగం ఆరిపోయి గీతలు పడతాయి. ఆ రోజులలో నీటిలో రెండు చుక్కల గ్లిసరిన్ కలుపుతాము, లేదా తెల్లవారుజామునే పని ముగిస్తాము. శ్రావణ భాద్రపదాలలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్క నీటిపూత గంటసేపు తడిగానే ఉంటుంది, రంగు తన ఇష్టం వచ్చినట్లు పాకుతుంది. దూరపు కొండను, వానతెరను వేయడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. అయితే ఆ కాలంలోనే కాగితానికి బూజు పడుతుంది. కాగితం రంగును పీల్చివేయకుండా దానికి పట్టించే సరేసు వంటి పదార్థం బూజుకు ఆహారం. బూజు తిన్నచోట నీటిపూత చిన్న చిన్న నల్లని చుక్కలుగా ఇంకిపోతుంది. అందుకే మా బీరువాలో అన్నిటికంటే పై అరలో, వేపాకు పరచి, మంచి కాగితాలు ఉంటాయి. చలికాలంలో పొగమంచు, పొయ్యిల పొగ కలిసి దల్మాను చాలా ఉదయాలు కనబడనీయవు. కనబడని కొండను వేయడం కూడా ఒక మంచి అభ్యాసమే.

ఫాల్గుణం వచ్చిందంటే ఇక గదిలో కూర్చోలేము. మోదుగ చెట్లు ఆకు రాల్చి పూస్తాయి. బూరుగు పూలు దారి మీద రాలి కాళ్ళ కింద మెత్తగా తగులుతాయి. కుసుమ చెట్టు లేత ఆకులు రక్తవర్ణంలో వస్తాయి. సాల వృక్షం పూత పట్టగానే ఆదివాసీలు సర్హుల్ పండుగ చేసుకుంటారు. ఏడాదికి సరిపడే ఆకులను మేము ఆ రోజులలోనే సేకరిస్తాము. పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, పైన ఇటుకలు పేర్చి, మొదటి వారం రోజూ కాగితాలు మార్చాలి. మార్చకపోతే ఆకు లోపలి తడికి నల్లబడుతుంది. రావి ఆకులను మాత్రం నీటి తొట్టెలో కొన్ని వారాలు నానబెడితే మెత్తని భాగం కుళ్ళి, ఈనెల వల మిగులుతుంది. ఆ తొట్టె వాసనకు మా ఇంట్లో వారు పెట్టిన పేరు ఇక్కడ వ్రాయదగినది కాదు.

ఇంతవరకు చెప్పినది పద్ధతి. ఇక ఉత్తరాలలో అడిగిన రెండవ ప్రశ్న, కత్తెర సంగతి. దానికి కారణం మా కన్ను.

కొన్నేళ్ళ క్రితం మా రెండు కన్నులలోను శుక్లాలు మొదలైనవి. కన్నులోని కటకం వయసుతో పసుపు బారుతుంది, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు తెర నీలపు కాంతిని లోపలికి రానీయదు. మార్పు చాలా మెల్లగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. కొండను, కాగితాన్ని రెండింటినీ అదే పసుపు అద్దంలో నుంచి చూస్తాము గనుక పోలిక సరిపోవాలి కదా అని ఒక మిత్రుడు వాదించారు. తర్కం బాగానే ఉన్నది గాని అనుభవం వేరు. ముదురు నీలం, నలుపు ఒకటిగా కలిసిపోతాయి. ఊదాకు, గోధుమకు మధ్య తేడా తెలియదు. తేడానే కనబడనప్పుడు పోలిక చూడడానికి ఏమి మిగులుతుంది? ఆ రోజులలో మేము రంగును చూసి కాక, పెట్టెలో అది ఉండే స్థానాన్ని బట్టి తీసుకునేవారము.

మొదట కుడి కన్నుకు శస్త్రచికిత్స జరిగింది. పసుపు కటకం తీసి స్వచ్ఛమైన కృత్రిమ కటకం అమర్చారు. కట్టు విప్పిన మరునాడు డాబా మీద నిలబడి ఎడమ కన్ను మూసి చూస్తే దల్మా నీలంగా, కొంత ఊదాగా ఉన్నది. కుడి కన్ను మూసి చూస్తే అదే కొండ పాత ఫోటోలా గోధుమ రంగులో ఉన్నది. రెండు కన్నుల మధ్య ముక్కు తప్ప అడ్డమేమీ లేదు. కొండలు మాత్రం రెండు. రెండవ శస్త్రచికిత్సకు వైద్యులు కొంత వ్యవధి చెప్పారు. ఆ మధ్యకాలంలోనే మా పొరుగువారు వచ్చారు.

ఆయన ఇక్కడి కర్మాగారంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విరమించినవారు. స్వగ్రామం శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున. ఇల్లు అమ్మి సొంత ఊరికి వెళ్ళిపోవాలని భార్యాభర్తలు నిశ్చయించుకున్నారు. ఒక ఉదయం ఆయన మా గది గుమ్మంలో నిలబడి, “గురువుగారూ, ఊళ్ళో అన్నీ ఉన్నాయండి. పొలం ఉంది, అన్నదమ్ములున్నారు. దల్మా లేదు. వానకాలం పొద్దున్న మా డాబా మీంచి ఎలా కనబడుతుందో అలాగే ఒకటి వేసి ఇవ్వండి. నీలంగా ఉంటుంది చూడండి, ఆ నీలమే రావాలి” అన్నారు.

మా వద్దకు వచ్చే కోరికలలో ఇంత ఖచ్చితమైనది అరుదు. ఇంత కష్టమైనది మరొకటి లేదు. ఆయన అడిగిన నీలం ఎవరి నీలం? మా కుడి కంటిదా, ఎడమ కంటిదా? ఆయనకూ అరవై దాటాయి. కొలిమి వేడి ముందు ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. కొలిమిలోని పరారుణ కిరణాల వేడికి కటకం దెబ్బతింటుందని వైద్యశాస్త్రం చాలా కాలం క్రితమే గుర్తించింది. గాజు ఊదేవారిలో మొదట గమనించినందున దానికి వారి పేరే పెట్టారు, అయితే ఇనుము పనివారికీ అది కొత్త కాదు. మన సంస్థలో కొలిమి విభాగాలలో పనిచేసే సోదరులు రంగుటద్దాలు తీసి జేబులో పెట్టుకోవడం మేము కళ్ళారా చూసినదే. ఈ సందర్భంలో ఆ మాట అనకుండా ఉండలేకపోతున్నాము.

ఈ చిక్కు మాకంటే పెద్దవారికి వచ్చినదే. ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనేకు 1912లో శుక్లాలు ఉన్నట్లు తేలింది. ఆయన భయపడి 1923 వరకు శస్త్రచికిత్స వాయిదా వేశారు. ఆ మధ్య కాలంలో వేసిన తోట చిత్రాలలో కొన్ని ఎరుపు గోధుమలతో మండుతున్నట్లు ఉంటాయి. చికిత్స తర్వాత నీలాలు తిరిగి వచ్చినవి. మనకు దగ్గరి ఉదాహరణ శాంతినికేతన్‌లో ఉన్నది. నందలాల్ బోస్ శిష్యుడైన వినోద్ బిహారీ ముఖర్జీకి పుట్టుక నుంచి చూపు మందం. ఆ చూపుతోనే బీర్భూమ్ నేలను, చెట్లను, మనుషులను వేశారు, 1947 నాటికి హిందీ భవన్ గోడల మీద మధ్యయుగ సాధుసంతుల మహాచిత్రం పూర్తి చేశారు. తర్వాత కంటి శస్త్రచికిత్స విఫలమై చూపు పూర్తిగా పోయింది. అప్పుడాయన చేతిలోకి కత్తెర తీసుకున్నారు. రంగు కాగితాలను మడిచి, కత్తిరించి, చేతితో తడిమి అమర్చి కొలాజ్‌లు చేశారు. ఆయన విద్యార్థి అయిన సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద ‘ది ఇన్నర్ ఐ’ అనే చిన్న చిత్రం తీశారు. అందులో ఆయన వ్రేళ్ళు కాగితం అంచు వెంట నడిచే తీరు చూసినవారు మరచిపోలేరు. (ఈ కథ చదివి ఎవరూ శస్త్రచికిత్సకు జంకనక్కరలేదు. అది అరవై ఏళ్ళకు పైబడిన మాట. నేడు శుక్లాల చికిత్స చాలావరకు ఒక పూటలో ముగిసి ఇంటికి పంపించే పని.)

ఇంగ్లండులో మేరీ డిలేనీ అనే ఆమె కథ కూడా మాకు ఇష్టం. 1700లో పుట్టిన ఆమె తన డెబ్భై రెండవ ఏట, భర్త మరణించిన తర్వాత, కాగితపు పూలు చేయడం మొదలుపెట్టింది. మొక్కను ముందు పెట్టుకొని, రేకులను విడదీసి పరిశీలించి, రంగు కాగితాన్ని అతి చిన్న ముక్కలుగా కత్తిరించి, నల్లని కాగితం మీద అతికించేది. కొన్నిచోట్ల నిజమైన ఆకును కూడా ఒకటి కలిపేది. పదేళ్ళలో దాదాపు వెయ్యి పూలు పూర్తి చేసి, 1782లో చూపు మందగించి ఆపివేసింది. అవి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. డెబ్భై రెండేళ్ళ వయసున ఆరంభించవచ్చునా అని అడిగిన పాఠకునికి ఇంతకంటే మేము చెప్పగలిగినది లేదు.

తెలుగువారిలో కన్నును, ప్రకృతిని ఒకే కప్పు కింద చేర్చినవారు సూర్యప్రకాశ్. 1940లో ఖమ్మం జిల్లా మధిరలో పుట్టి 2019లో కన్నుమూసిన ఈ చిత్రకారుడు తొలిరోజులలో తుప్పుపట్టిన మోటారు వాహనాల గుట్టలను వేసి పేరు తెచ్చుకున్నారు. తర్వాత రాలిన ఆకులకు, చెరువు నీటికి, నీటిలో కనబడే చెట్ల నీడలకు మళ్ళారు. హైదరాబాదులో 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యాలయంలో ఆయన చాలా ఏళ్ళు నివాస చిత్రకారుడుగా పనిచేశారు. చూపు కోసం వచ్చేవారు నడిచే భవనంలోనే ఆయన పని గది. తుప్పును అంత ప్రేమగా చూసినవాడే ఎండుటాకును అలా చూడగలడని మాకు అనిపిస్తుంది. ఇనుము మధ్య పనిచేసే మన పాఠకులు ఆయన తొలినాటి చిత్రాలను కూడా వెతికి చూడాలి.

పొరుగువారి దల్మా దగ్గరకు వద్దాము. నీటిరంగులో ఒక సంగతి ఉన్నది. అది వేసేవాని ఒక్క కంటి మీదనే నడుస్తుంది. తడి కాగితం ముందు మరొకరిని పిలిచి “ఇది సరిపోయిందా?” అని అడగడానికి వ్యవధి ఉండదు. అడిగేలోగా ఆరిపోతుంది. కొలాజ్‌లో అలా కాదు. జిగురు పూసేవరకు ప్రతి ముక్కా కదులుతుంది. అందుచేత మేము కొండను వేయలేదు. నీలాలను వేశాము. అల్ట్రామెరైన్‌లో ఇటుక రంగును కొంచెం కొంచెంగా పెంచుతూ, పలుచగా, చిక్కగా, ఇరవైకి పైగా కాగితపు పట్టీలు తయారుచేసి వెనుక సంఖ్యలు వేశాము. ఆషాఢంలో వాన వెలసిన ఒక ఉదయం ఆయనను ఆయన డాబా మీదనే నిలబెట్టి, ఒక్కొక్క పట్టీని కొండకు ఎదురుగా చేయి చాచి పట్టుకొని చూడమన్నాము.

ఆయన ఎంచుకున్న పట్టీలు మూడు. మా కుడి కన్ను చూపిన నీలం కంటే అవి బాగా బూడిద వైపు ఉన్నాయి. ఎడమ కన్ను చూపినంత గోధుమ కావు. ఇన్నేళ్ళుగా ఆయన ‘నీలం’ అని పిలుచుకున్నది అది. మాకంటే చిన్నది, ఇంకా కళ్ళద్దాలు లేనిది, ఆయన కూతురు పక్కన నిలబడి, “అది కాదు నాన్నా, ఇది” అని బాగా నీలమైన పట్టీ ఒకటి తీసి చూపింది. ఇద్దరూ కొంతసేపు వాదించుకున్నారు. మేము కలుగజేసుకోలేదు. చివరకు కొండ మొదలు ఆయన పట్టీలతో, శిఖరం కూతురి పట్టీతో చేయాలని వారే తీర్మానించారు. దూరపు కొండకు నిజంగానే పైభాగం మబ్బు వెలుగుకు మారుతుంటుంది గనుక అది ప్రకృతికి విరుద్ధమూ కాలేదు.

అంతవరకు మాట్లాడని ఆయన భార్య అప్పుడు అన్నారు: “కొండ మీ ఇష్టం. ముందర ఆ చింతచెట్టు ఉండాలండి. ఈ ఊరు వచ్చిన కొత్తలో కుళాయి నీళ్ళకు దాని కిందే నిలబడేదాన్ని. తెలుగు మాట్లాడే మనిషి అక్కడే దొరికింది నాకు.”

చింతచెట్టు మా చిత్రంలో లేదు. మేము వేసిన దల్మా చిత్రాలలో దేనిలోనూ లేదు. ఎందుకంటే అది అడ్డం. కొండ బాగా కనబడే చోటు వెతుక్కొని కూర్చోవడం ప్రకృతి చిత్రకారుల అలవాటు. ఆమె చెప్పిన తర్వాత కొలాజ్‌లో మూడవ వంతు చింతచెట్టే ఆక్రమించింది. కొండను నీటిరంగు పట్టీలను చించి చేశాము. చించిన అంచున కాగితపు తెల్లని పీచు బయటపడి, కొండ వాలు మీద పొగమంచులా నిలుస్తుంది. నదిని ఒకే నీటిపూతతో వదిలాము. శ్రావణంలో సువర్ణరేఖ పేరుకు తగ్గ బంగారు రంగులో ఏమీ ఉండదు, ఎర్రమట్టి రంగు. దిగువ ఇసుకలో బంగారు రజను కోసం జల్లెడ పట్టేవారు ఉన్నమాట నిజమేగాని, మా ఘట్టం దగ్గర కనబడేది మట్టి, పట్టణపు మురుగు, రాళ్ళు. ఉన్నది ఉన్నట్లే మా ఇనుప ఎరుపుతో వేశాము. కూతురికి అది నచ్చలేదు. ఆయనకు నచ్చింది.

చింతాకుల దగ్గర మరొక చర్చ వచ్చింది. ఆమె స్వయంగా కోసుకొని వచ్చిన రెమ్మలను అతికించమన్నారు. ఆకుపచ్చ నిలవదని చెప్పాము. ఆకులోని పచ్చదనం వెలుగుకు విరిగిపోతుంది. ఎంత బాగా ఎండబెట్టినా కొంతకాలానికి గోధుమ రంగుకు తిరగవలసినదే. అంతేకాక పిండి జిగురును, ఎండుటాకును పురుగు ఇష్టంగా తింటుంది. పాత పుస్తకాల బైండింగు చేసేవారు పిండి జిగురులో మైలుతుత్తం కలపడం అందుకే. అది విషం గనుక పిల్లలున్న ఇళ్ళలో మేము సిఫారసు చేయము. ఆకులను ఆకుపచ్చ నీటిపూత వేసిన కాగితంతో కత్తిరించుదామని మేము చెప్పాము. ఆమె ఒప్పుకున్నారు గాని, ఒక్క రెమ్మ మాత్రం నిజమైనది ఉండాలని పట్టుబట్టారు. “అదొక్కటి ఎండిపోనీండి” అన్నారు. మేరీ డిలేనీ సంగతి ఆమెకు తెలియదు. ఆ రెమ్మను చెట్టు మొదట్లో, కుళాయి పక్కన అతికించాము. చింతాకు కత్తిరించడం ఎంత పనో చేసినవారికే తెలుస్తుంది. ఇద్దరు ఆడవారు, మేము, మూడు సాయంకాలాలు కూర్చుంటే ఒక కొమ్మ పూర్తి అయింది.

ఆ దంపతులు శ్రీకాకుళం వెళ్ళిపోయారు. మాకు ఎడమ కన్ను చికిత్స కూడా పూర్తి అయింది. ఆ చిత్రాన్ని రెండు కొత్త కన్నులతో మేము ఇంకా చూడలేదు. కిటికీకి ఎదురు గోడ మీద వద్దని, పక్క గోడకు తగిలించమని మాత్రం చెప్పి పంపాము. గది లోపలి గోడ మీద తగిలించామని ఫోను చేశారు.

ఎదురు గోడ ఎందుకు వద్దన్నామో చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చిత్రాలు ఉన్న ప్రతివారికీ ఇది పనికివస్తుంది. నీటిరంగు పొర చాలా పలుచన. దానిలో బలహీనమైన రంగు ఉంటే వెలుగుకు త్వరగా పోతుంది. ఇంగ్లండులో ఈ సంగతి మీద పెద్ద వివాదమే నడిచి, రస్సెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి 1888లో నివేదిక సమర్పించారు. వారి పద్ధతి మన ఇంట్లోనూ సాధ్యమే. మీ పెట్టెలోని ప్రతి రంగును ఒక కాగితపు పట్టీ మీద గీతగా వేయండి. పట్టీని నిలువునా సగం మందపాటి నల్ల కాగితంతో మూయండి. ఎండ పడే కిటికీకి లోపలి వైపు అంటించండి. సంక్రాంతికి పెట్టినది దసరాకు తీయండి. మా పట్టీలో పిల్లల రంగుల పెట్టె నుంచి వేసిన గులాబీ, మోదుగ పూలను ఉడికించి మేమే తీసిన పసుపు, వంటింటి పసుపు, మూసిన భాగంలో తప్ప మిగిలినచోట వెలవెలపోయినవి. వంటింటి పసుపైతే కొద్ది రోజులలోనే పోయింది. అల్ట్రామెరైన్, ఇనుము రంగులు మూడూ, మూసిన సగానికీ మూయని సగానికీ తేడా లేకుండా ఉన్నాయి. మోదుగ పూల రంగు అంత అందంగా ఉంటుంది, హోలీకి చల్లుకోవడానికి దానిని మించినది లేదు. అమ్మే చిత్రంలో మాత్రం మేము దానిని వాడము. డబ్బు తీసుకున్న తర్వాత రంగు కూడా ఇవ్వాలి.

రాజమహేంద్రవరం మీదుగా ప్రయాణం చేసే పాఠకులు అక్కడి దామెర్ల రామారావు చిత్రశాలలో ఒక గంట గడపండి. 1897లో పుట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచికి బలి అయిన ఆ చిత్రకారుడికి అక్కడి కళాశాల ఆచార్యులు ఆస్వాల్డ్ కూల్డ్రే చేయూతనిచ్చి బొంబాయి చిత్రకళాశాలకు పంపారు. చిత్రం ముందు నిలబడినప్పుడు మొదట ఒక కన్ను, తర్వాత మరొక కన్ను మూసి చూడండి. రెండు కన్నులకూ రంగు ఒకేలా కనబడకపోతే చిత్రాన్ని అనుమానించవద్దు, నేత్ర వైద్యుని చూడండి.

మిగిలిన ప్రశ్నలకు క్లుప్తంగా. చోటు: ఒక బల్ల చాలును, కిటికీ ముఖ్యం. ఖర్చు: రంగులలో పొదుపు చేయవచ్చును, కాగితంలో చేయవద్దు. నూలు గుజ్జుతో చేసిన మందపాటి కాగితం రెండు వైపులా వాడుకోవచ్చును. వార్తాపత్రిక ముక్కలను కొలాజ్‌లో అతికించేవారు అవి కొద్ది కాలంలోనే పచ్చబడి పెళుసుబారుతాయని తెలిసి అతికించాలి. పక్కన పెట్టిన నీటిరంగు చిత్రాలను పారవేయవద్దు, కత్తెరకు వాటిని మించిన సరకు లేదు. నది ఒడ్డుకు పొద్దుటే వెళ్ళేవారు టోపీ, మంచినీళ్ళ సీసా మరచిపోవద్దు. రంగు కలపడానికి నది నీరు వాడవద్దు, మేము ఇంటి నుంచే తీసుకొని వెళతాము.

కిటికీ పట్టీలు చేసినవారు దసరా తర్వాత వాటిని మా శీర్షికకు పంపితే, ఏ రంగు ఎవరి ఊరి ఎండకు ఎంత నిలిచిందో కార్తీక మాసపు సంచికలో ప్రచురిస్తాము. పట్టీ వెనుక రంగు పేరు, ఊరి పేరు, కిటికీ దిక్కు తప్పక వ్రాయగలరు.